పర్లాకిమిడి జీడితోటల్లో సోలార్ కంచె మిషను ఎలుగును ఆపుతుందా?

ఆపుతుంది, ఎర్తింగ్ సరిగ్గా ఉంటేనే. 12 వోల్టుల బ్యాటరీతో నడిచే ఈ మిషను సుమారు సెకనుకో దెబ్బ చొప్పున కరెంటు వదులుతుంది. ఎలుగుకు ఒంటినిండా దట్టమైన బొచ్చు, షాక్ తగలాల్సింది ముక్కుకే. అందుకే కింది తీగ నేలకు జానెడు ఎత్తులోనే లాగాలి, దానిపైన మరో మూడు. గడ్డి తగిలిందా, వోల్టేజి జారిపోతుంది. 5,000 వోల్టుల కంటే దిగనివ్వకండి.

జీడిపళ్లు రాలే ఏప్రిల్‌లో నేల ఎండి ఎర్తు పట్టదు. ఆరడుగుల జీఐ (జింకు పూత పూసిన ఇనుప) రాడ్లు మూడు, పదేసి అడుగుల ఎడంలో నేలలోకి దించి, వాటి మొదళ్లలో బిందెడు నీళ్లు పోయాలి. మిషనుతో వచ్చే పెట్టెలో ఒక్క రాడ్డే ఇవ్వడం అన్యాయం.

మన ఎలుగు 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లోది, ఉచ్చు పెట్టినా నేరమే. మిషనులా దెబ్బ దెబ్బగా కాక ఆగకుండా పారే ఇంటి 230 వోల్టుల కరెంటు మాత్రం కంచెకు తగిలించొద్దు, ఎలుగుతో పాటు మనిషీ పోతాడు.