స్పిండిల్ మౌల్డర్ మీద మూడు రోలర్ల పవర్ ఫీడర్: నాలుగేళ్లు వాడాక

గాజువాకలోని మా షాపులో గుమ్మాలు, కిటికీ రెక్కలు, బీడింగ్ (అంచులకు కొట్టే సన్నని చెక్క పట్టీలు) పనే ఎక్కువ. నిలువు ఇరుసు మీద కట్టర్ తిరుగుతూ చెక్క అంచుకు ఆకారం కోసే యంత్రం స్పిండిల్ మౌల్డర్, దాని టేబుల్ మీద బిగించి చెక్కను రోలర్లతో ముందుకు తోసేది పవర్ ఫీడర్. 1 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, మూడు రబ్బరు రోలర్లు ఉన్న ఈ ఫీడర్ ఆ పని మీదే నాలుగేళ్లుగా నడుస్తోంది. దీన్ని చాలామంది వేగం కోసం కొంటారు. నిజానికి దీని విలువ వేగంలో లేదు, ఒకే తీరుగా తోయడంలో ఉంది. చేత్తో తోసేటప్పుడు పట్టు మార్చుకునే క్షణం చెక్క ఆగుతుంది. అక్కడ కట్టర్ రాసుకుని టేకు మీద నల్లగా కాలిన చార పడుతుంది, దాన్ని గరుకు కాగితంతో తీసేసరికి మోల్డింగ్ అంచు మొద్దుబారిపోతుంది. ఫీడర్ పెట్టాక ఆ చార లేదు. వేళ్లు కట్టర్‌కి దూరంగా ఉంటాయి, నన్నడిగితే ఒక్క దీనికోసమే కొనొచ్చు.

ఇక బిగింపు. రోలర్లను చెక్క మందం కన్నా 3 మి.మీ. కిందికి దించాలి. అంతకు తగ్గితే జారతాయి, బాగా ఎక్కువైతే రబ్బరు నలిగి మోటారు వేడెక్కుతుంది. ఫీడర్‌ని ఫెన్స్‌కి (చెక్కను ఆనించి నడిపే నిలువు పట్టీకి) సమాంతరంగా పెడితే చెక్క మెల్లగా ఫెన్స్ వదిలి బయటికి జరుగుతుంది. అందుకే చెక్క బయటికొచ్చే కొసను ఫెన్స్ వైపు 3, 4 మి.మీ. తిప్పి బిగించాలి. ఒక రోలర్ కట్టర్‌కి ముందు, రెండు తర్వాత ఉండాలి. ఆ మొదటి రెండు రోలర్ల మధ్య దూరం కన్నా పొట్టి ముక్క పెట్టొద్దు. రెండిట్లో ఏదీ పట్టుకోక అది సరిగ్గా కట్టర్ ఎదుట ఆగిపోతుంది.

చెక్కను తోసే వేగానికి లెక్క ఉంది. స్పిండిల్ నిమిషానికి 6000 చుట్లు తిరుగుతూ ఒక బ్లేడే నున్నగా కోస్తుంటే, నిమిషానికి 6 మీటర్ల దగ్గర మిల్లీమీటరుకో గీత పడుతుంది. 12 మీటర్లకు పెంచితే గీతల మధ్య 2 మి.మీ., పాలిష్ కింద అవి కొట్టొచ్చినట్టు కనబడతాయి. గుమ్మం రిబేటుకు (తలుపు ఆనేలా అంచు వెంట కోసే మెట్టుకు) 12 పరవాలేదు, బీడింగ్‌కి వద్దు.

కలపను ముందే ప్లేనర్‌లో ఒకే మందానికి తేవాలి. రంపం మిల్లు నుంచి వచ్చినదాన్ని వచ్చినట్టే పెడితే పలచని చోట రోలర్ పట్టు వదిలేస్తుంది.

మన సముద్రపు గాలికి ముందు తుప్పు పట్టేది ఫీడర్‌ని పైకీ కిందికీ జరిపే నిలువు గొట్టం. వానాకాలంలో వారానికోసారి నూనె గుడ్డతో తుడవాలి, కారేలా పోస్తే పొట్టు అంటుకుని బంక కడుతుంది. ఆరని వేప కలప నడిపితే రోలర్లు జిగురు పట్టి అద్దంలా మెరుస్తాయి, ఇక జారడమే. 80 నంబరు గరుకు కాగితంతో పైపొర రుద్దితే మళ్లీ పట్టు వస్తుంది. థిన్నర్ మాత్రం వాడొద్దు, రబ్బరు ఉబ్బుతుంది.

కరెంటు లైను మరమ్మతు జరిగిన రోజు ఫేజులు తారుమారైతే కట్టర్, రోలర్లు రెండూ వెనక్కి తిరుగుతాయి. చెక్క పెట్టకముందే ఖాళీగా తిప్పి చూడాలి. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే పరికరం) లేకుండా మోటారు నడపొద్దు, ఒక ఫేజు పోయినా అది గుంయ్‌మంటూ కాలిపోతుంది.

నాకు నచ్చనిది ఒకటే, కొలత మారినప్పుడల్లా సర్దుబాటుకు పది నిమిషాలు పోతాయి. రోజుకు రెండు మూడు రకాల చిన్న పనులుండే షాపుకి ఇది దండగ. తీసుకునేవాళ్లు ముందు తమ మౌల్డర్ టేబుల్ చూసుకోవాలి. మందపాటి పోత ఇనుము అయితే మరలు కోయించి నేరుగా బిగించొచ్చు. రేకు టేబుల్ అయితే ఈ బరువుకు వంగుతుంది, ఫెన్స్ ఎంత సర్దినా కోత తిన్నగా రాదు.