12 ఏళ్లుగా 45 స్పీడు గ్రామఫోన్ ప్లేట్లు పోగేస్తున్నా, ఎలా ఉందంటే

2013లో ఆఫీసువాళ్లు ఇంగ్లండ్‌లోని లెస్టర్ పంపారు. అక్కడ చలికోటు కొందామని ఒక ఛారిటీ షాపులోకి (జనం దానమిచ్చిన పాత సామాన్లు అమ్మే కొట్టు) వెళ్తే మూలన ప్లాస్టిక్ డబ్బాలో చిన్న గ్రామఫోన్ ప్లేట్లు కనపడ్డాయి, ఒక్కోటి 50 పెన్స్. ప్లేయర్ లేదు, ఆ పాటల్లో సగం నాకు తెలీదు, అయినా ఆరు కొన్నా. కోటు కొన్లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో మా ఇంట్లో 640 చిల్లర సింగిల్స్ ఉన్నాయి, ఇవి మొదలుపెట్టొచ్చా అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి ఇన్నేళ్లు వాడాక ఏమనిపించిందో రాసేస్తున్నా, మధ్యలో కొంచెం ఏడుపు కూడా ఉంటుంది.

తెలీనివాళ్లకి: సింగిల్ అంటే 7 అంగుళాల ప్లేటు, నిమిషానికి 45 చుట్లు, అటొక పాట ఇటొక పాట. 1949లో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ అమెరికాలో మొదలెట్టింది. ముందువైపు కంపెనీ అమ్ముకోవాలనుకున్న పాట, వెనకవైపు ఏదో ఒకటి, ఖాళీగా వదలకూడదు కాబట్టి. మన సినిమా ఈపీలు కూడా ఇదే సైజు ఇదే స్పీడు, కానీ మామూలుగా అటు రెండు ఇటు రెండు పాటలు, సినిమా పేరు మీద పోతాయి, ఏది ముందు ఏది వెనక అని ఎవరూ పట్టించుకోరు. ఇంగ్లీషోళ్ల సింగిల్స్‌లో మాత్రం ఆ వెనకవైపే నన్ను పట్టేసింది.

నేను కొన్న ఆ మొదటి ఆరింటిలో ఎంగెల్‌బర్ట్ హంపర్‌డింక్ పాడిన ‘రిలీజ్ మీ’ ఒకటి. ఇంగ్లండ్‌లో ఏ ఛారిటీ షాపుకెళ్లినా ఇది ఉంటుంది, పది లక్షలు దాటి అమ్ముడైంది మరి. 1967లో అక్కడి హిట్ పాటల చార్టులో ఆరు వారాలు నంబర్ వన్‌లో కూర్చుని, బీటిల్స్ వాళ్ల ‘పెన్నీ లేన్’, ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ ఉన్న సింగిల్‌ని రెండో ప్లేసులోనే ఆపేసింది. అంతవరకు ఎవరైనా చెప్తారు. నాకు కిక్కిచ్చింది ఏంటంటే ఈయన పుట్టింది మద్రాసులో, 1936లో, తండ్రి బ్రిటిష్ ఆర్మీ, పదేళ్లప్పుడు వాళ్లు వెళ్లి స్థిరపడింది నేనున్న లెస్టర్‌లోనే. అసలు పేరు ఆర్నల్డ్ జార్జ్ డార్సీ, ఆ నోరు తిరగని పేరు ఒక జర్మన్ సంగీతకారుడిది, మేనేజర్ సలహాతో పెట్టుకున్నాడు.

ఇంకా ఉంది. ఆఫీసులో న్యూజీలాండ్ కొలీగ్ ఒకాయన మా ఇంటికి భోజనానికొచ్చి ఆ ప్లేటు చూసి, తిప్పు తిప్పు వెనక్కి తిప్పు అన్నాడు. వెనకవైపు ‘టెన్ గిటార్స్’. ఇంగ్లండ్‌లో అడిగితే తెల్లమొహం వేస్తారు, న్యూజీలాండ్‌లో మాత్రం గిటార్ ఉన్న ప్రతి పార్టీలో అదే, ముఖ్యంగా మావోరీ వాళ్లకి అది సొంత పాట లాగే. ఆయన గుత్తివంకాయ పక్కన పెట్టేసి నించుని మొత్తం పాడాడు. ఆ రోజు నుంచి నేను ప్లేటు కొంటే ముందు వెనకవైపే వేస్తా.

వేసిన కొద్దీ దొరికాయి. క్లిఫ్ రిచర్డ్ లక్నోలో పుట్టాడు, 1958లో 17 ఏళ్లకి మొదటి సింగిల్, దాని ముందువైపు ‘స్కూల్‌బాయ్ క్రష్’ అనే ఓ సాదాసీదా పాట, వెనక ‘మూవ్ ఇట్’, అది వాళ్ల బ్యాండువాడు ఇయాన్ సామ్‌వెల్ బస్సులో రాసింది. తిరగేసి వేశారు కాబట్టే బ్రిటన్‌కి ఒక రాక్ స్టార్ దొరికాడు. ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ ఇంకా ఘోరం. దాని ప్రొడ్యూసర్ బిడ్డు, మన బెంగళూరాయన. 1974లో వేరే పాట మీద స్టూడియో టైమంతా అయిపోయి, వెనకవైపుకి ఏదో ఒకటి కావాలి కదా అని చివరి పది నిమిషాల్లో రికార్డు చేసింది అది. కంపెనీవాళ్లు విని అదే ముందుకి మార్చారు, అటు ఇంగ్లండ్‌లో ఇటు అమెరికాలో నంబర్ వన్. తర్వాత అదే బిడ్డు 1980లో ‘కుర్బానీ’లో నాజియా హసన్‌తో ‘ఆప్ జైసా కోయీ’ చేశాడు, అది తెలీని ఇల్లు మన దగ్గరా లేదు. బోనీ ఎమ్ వాళ్లదైతే 1978లో ‘రివర్స్ ఆఫ్ బాబిలాన్’ ఐదు వారాలు నంబర్ వన్‌లో ఉండి దిగిపోతుంటే రేడియోవాళ్లు ప్లేటు తిప్పి వెనక ఉన్న ‘బ్రౌన్ గర్ల్ ఇన్ ది రింగ్’ వేయడం మొదలెట్టారు, మళ్లీ రెండో ప్లేసు దాకా ఎక్కింది. (ఆ గ్రూపులో గెంతుతూ కనిపించే మగాయన పెదాలు కదిపాడంతే, రికార్డులో గొంతు ప్రొడ్యూసర్ ఫ్రాంక్ ఫారియన్‌ది.)

అన్నిటికంటే నాకు ఇష్టమైంది బీటిల్స్ ‘లేడీ మడోన్నా’ 1968. నిజానికి దాని వెనక ఉన్న ‘ది ఇన్నర్ లైట్’ కోసమే కొన్నా. దాని వాయిద్యం మొత్తం బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ జనవరిలో బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోలో మన వాద్యకారులతో రికార్డు చేసి తీసుకెళ్లాడు, లండన్‌లో గొంతు కలిపారు. బీటిల్స్ సింగిల్ మీద హారిసన్ పాట ఎక్కడం అదే మొదలు. మా అమ్మ వంటింట్లోంచి విని ‘ఇదేంట్రా ఆలిండియా రేడియోనా’ అంది.

సరే ఇక వాడకం సంగతి. మొదట సూట్‌కేస్ లాంటి ప్లేయర్ కొన్నా, బ్రాండ్ వద్దులెండి, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, ముల్లు బరువు మాత్రం తగ్గించే వీల్లేదు. నెల రోజులు రోజూ వేసిన ప్లేటు చివర్లో ‘స’ అక్షరం వచ్చినప్పుడల్లా బుస్సుమంటోంది, ముల్లు మీద బూడిదలాంటి పొడి. పాటని గీక్కుంటూ వింటున్నానని అప్పుడర్థమైంది. ఆ తర్వాత సెకండ్‌హ్యాండ్‌లో టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎంకే2 తీసుకున్నా, పదేళ్లయింది, ముల్లు మార్చడం తప్ప ఇంకేం చెయ్యలా. నడిమి బొక్క పెద్దదిగా ఉన్న అమెరికా ప్లేట్ల కోసం దాంట్లోనే అల్యూమినియం బిళ్ల వస్తుంది. దాన్ని పారేసుకోకండి, నేను పారేసుకుని మూడు వారాలు వెతికితే మా చిన్నది బొమ్మ టీ సెట్టులో మూతగా పెట్టుకుంది.

గ్రేడింగ్, అంటే ప్లేటు ఎంత బాగుందో అమ్మేవాళ్లు వేసే మార్కు, పెద్ద మాయ. ‘జి’ అని రాస్తే గుడ్ అనుకుంటాం, రికార్డుల భాషలో అది దాదాపు చెత్తబుట్ట. ‘వీజీ ప్లస్’ (వెరీ గుడ్ ప్లస్) కంటే తక్కువ ఉంటే ఆన్‌లైన్‌లో కొనకండి, కొంటే ఆ గరగరకి సిద్ధపడి కొనండి. ఒకాయన దగ్గర ఎక్సలెంట్ అని చెప్పి 30 పౌండ్లకి తెప్పిస్తే మామూలు కాగితం కవర్లో వేసి పంపాడు, రెండు ముక్కలై వచ్చింది. డబ్బులు వాపస్ ఇచ్చాడనుకోండి, ప్లేటు మాత్రం పోయింది.

చేతిలోకి తీసుకుని చూడగలిగితే లేబుల్ చుట్టూ పాట అయిపోయాక మిగిలే నున్నటి చోట వెలుతురుకి వంచి చూడండి, గీసిన అక్షరాలుంటాయి. ప్లేటు కొట్టే లోహపు అచ్చు కొంతకాలానికి అరిగిపోతే కొత్తది పెడతారు, ఎన్నో అచ్చో అక్కడ గుర్తేస్తారు. ఈఎంఐ అనే రికార్డు కంపెనీ వాళ్లు అంకెలు వెయ్యరు, GRAMOPHLTD అనే పది అక్షరాలు పెట్టుకున్నారు, జి అంటే 1, ఆర్ అంటే 2, అలా చివరి డి సున్నా. డెక్కా వాళ్లది BUCKINGHAM, అదీ పదే అక్షరాలు, ఒక్కటీ రెండోసారి రాదు. మేచకల్యాణి రాగం పేరులోని అక్షరాల్లోంచి దాని మేళకర్త నంబరు 65 లాగే మన కటపయాది లెక్క ఉంది చూశారూ, అచ్చం దాని తెల్ల తమ్ముడు. నా ‘రిలీజ్ మీ’ డెక్కాదే, దాని మీద సీ కే అని ఉంది, అంటే 34వ అచ్చు. 50 పెన్స్‌కి ఇంత సమాచారం ఇంకెక్కడిస్తారు.

హైదరాబాద్ తిరిగొచ్చేటప్పుడు 23 కేజీల సూట్‌కేస్ ఒకటి మొత్తం ఇవే, 430 పట్టాయి, బట్టలు అక్కడే దానం చేసేశా. బంగారం తెస్తాడనుకుంటే అప్పడాలు తెచ్చాడని అమ్మ చుట్టాలందరికీ చెప్పింది. ఆ నోటి వాక్కు ఏమో గానీ డబ్బాలు అటక మీద పెట్టా, పై అంతస్తు, మే నెల, తీసి చూస్తే ముప్పైకి పైగా నిజంగానే అప్పడాల్లా వంకర తిరిగాయి. రెండు అద్దాల మధ్య పెట్టి పైన బరువు పెట్టి వారాలు ఉంచితే సగం దారికొచ్చాయి, క్లిఫ్ రిచర్డ్ రాలేదు, ఇప్పటికీ దాని మీద ముల్లు పడవలో వెళ్తున్నట్టు ఊగుతుంది. ఎండ ఉన్న ఊళ్లో ఇది నిజంగా పెద్ద మైనస్. నిలబెట్టి పెట్టండి, కింది గదిలో పెట్టండి, కారులో పొరపాటున కూడా వదలొద్దు.

ఖర్చు విషయం, అక్కడ రూపాయల్లో యాభైకి దొరికింది ఇక్కడికొచ్చేసరికి ఐదొందలు, షిప్పింగ్ వేరు. పెట్టుబడి అనుకుని మాత్రం దిగకండి, మామూలు హిట్ పాటల్ని తిరిగి ఎవరూ కొనరు, లక్షల్లో ఉన్నాయి కాబట్టి. ధర పలికేవి ఆగిపోయినవీ తగలబెట్టినవీ. 1977లో ఏ అండ్ ఎమ్ కంపెనీ సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండుని బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు నిలబెట్టి సంతకం చేయించి వారం తిరక్కుండా వదిలేసింది, కొట్టిన ‘గాడ్ సేవ్ ది క్వీన్’ ప్లేట్లు నాశనం చేసేసింది, మిగిలిన కొద్ది కాపీలు వేల పౌండ్లు. అలాంటివి నాకు రావు, రావాలని కూడా లేదు.

ఐదుకి నాలుగు ఇస్తా. ఒకటి ఎండకి పోయింది.

జుమ్మేరాత్ బజార్‌లో నాకు పరిచయమున్న పాత సామాన్లాయన నిన్న ఫోన్ చేశాడు, ఏదో పాత బంగళా ఖాళీ చేస్తుంటే గోనెసంచి నిండా చిన్న ప్లేట్లు వచ్చాయట, కవర్లు లేవట, కొన్నిటి మీద దమ్‌దమ్ (కలకత్తా దగ్గర మన హెచ్‌ఎంవీ ప్లేట్లు కొట్టిన చోటు) అని ఉందట. కడిగి పెట్టమంటారా అంటే నీళ్లు కూడా తగలనివ్వొద్దు బాబూ అని చెప్పి గురువారం లీవ్ పెట్టా.