రాకాసి గుడి: తవ్వాలా, తరలించాలా, ఉన్నచోటే కాపాడాలా?

మా అమ్మమ్మవాళ్ళ చెలకలో ఒక మూలన పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా పేర్చి ఉంటాయి. లెక్కపెడితే పదిహేడు. నడుమ మోకాలెత్తు రాళ్ళ దిబ్బ, దాని మీద బలుసు పొద. తాత నాగలి ఎప్పుడూ ఆ గుండ్ల దాకా వెళ్ళి పక్కకు తిరిగేది. "అవి రాకాసి గుళ్ళు బిడ్డా, పొద్దుగూకినంక అటు పోవద్దు" అనేవాడు. ఇప్పుడు ఆ భూమి మా మేనమామ చూసుకుంటున్నాడు. పోయిన ఎండాకాలం చెలక చదును చేయించడానికి జేసీబీ మాట్లాడాడు. నేను అడ్డం పడ్డాను. "మరేం చెయ్యాలో నువ్వే చెప్పరా" అన్నాడు. అప్పటి నుంచి దీని గురించే ఆలోచిస్తున్నాను.

అది బృహత్ శిలాయుగపు సమాధి. మన నేల మీద ఇనుము వాడకం పెరిగిన కాలంలో, రెండు మూడు వేల ఏళ్ళ కిందట, చనిపోయినవాళ్ళకు కట్టుకున్నది. పైకి కనిపించేది గుండ్లూ దిబ్బే. కింద చాలాచోట్ల నాలుగు రాతి పలకలు నిలబెట్టి చేసిన పెట్టె, దాని మీద మూతబండ ఉంటాయి. లోపల ఎముకలు, ఇనుప కత్తులు, కొడవళ్ళు, కుండలు. ఆ కుండలు చిత్రంగా ఉంటాయి: లోపలంతా, అంచు దగ్గర నల్లగా, బయట కింది భాగం ఎర్రగా. గుప్తనిధి అని రాత్రిపూట గడ్డపారలతో వచ్చేవాళ్ళు పగలగొట్టి పారేసేది ఈ కుండలనే. వాటిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

తవ్వితే తెలిసేది చాలా ఉంది, కాదనను. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు బయటపడిన మూతబండ బరువు 40 టన్నుల పైమాటే. దాన్ని తీయడానికి క్రేన్ కావాల్సి వచ్చింది. మరి ఆనాడు చేతులతో, మోకులతో ఎలా ఎక్కించారు? అలాంటి ప్రశ్న తవ్వితేనే పుడుతుంది. కానీ ఒక సమాధిని ఒక్కసారే తవ్వగలం. ఏ కుండ ఏ ఎముక పక్కన ఉంది, ఎంత లోతులో ఉంది అన్నది రాసుకోకపోతే అది ఇక ఎప్పటికీ తెలియదు. నిజాం కాలంలో, 1910లలో భువనగిరి దగ్గర రాయగిరిలో సమాధులు తవ్వినప్పుడు డీఎన్ఏ అన్న మాటే ఎవరికీ తెలియదు. ఈరోజు పాత ఎముక నుంచి డీఎన్ఏ తీసి చదువుతున్నారు. ఇంకో యాభై ఏళ్ళకు ఏం చదవగలుగుతారో! ముంచుకొచ్చే ప్రమాదమేదీ లేని సమాధిని ఇప్పుడే తవ్వేయడం తొందరపాటే అని నా అభిప్రాయం.

తరలించడం సంగతి వేరు. నాగార్జునసాగర్ కడుతున్నప్పుడు లోయంతా మునిగిపోతుందని 1954 నుంచి 1960 వరకు తవ్వి, అక్కడి పాతకాలపు కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ళ నడుమ ద్వీపం. అప్పుడు వేరే దారి లేదు, మంచి పనే చేశారు. క్వారీయో రిజర్వాయరో వచ్చి పడితే మనమూ అదే చెయ్యాలి. మా చెలకకు ఆ ముప్పు లేదు. మ్యూజియం ఆవరణలో గడ్డి మీద పేర్చిన గుండ్లు భద్రంగానే ఉంటాయి, బడిపిల్లలు చూస్తారు, బోర్డు చదువుతారు. కానీ ఆ సమాధి ఏ వాగు వైపు చూస్తోంది, పక్క చెలకల్లో దాని తోటివి ఎన్ని ఉన్నాయి అన్నది లారీకి ఎక్కదు.

ఇక ఉన్నచోటే ఉంచడం. ఇన్నాళ్ళూ వీటిని కాపాడింది భయం, భక్తి. నారాయణపేట జిల్లా ముడుమాలలో ఇలాంటి బృహత్ శిలాయుగపు నిలువురాళ్ళలో ఒకదాన్ని ఊరివాళ్ళు ఎల్లమ్మగా కొలుస్తారు. ఆ చోటు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకెక్కింది. కానీ మా ఊళ్ళో ఆ భయం తాతతోనే పోయింది. కాబట్టి ఊరికే వదిలేస్తే చాలదు, కంచె కావాలి. సికింద్రాబాద్ హష్మత్‌పేటలో ఉన్నవి కేంద్రం రక్షణలో ఉన్న సమాధులే, అయినా చుట్టూ నగరం కమ్ముకొచ్చింది.

మామ టెన్షన్ ఇంకొకటి: "బోర్డు పెడితే నా భూమి పోతది." ఆ మాటలో కొంత నిజముంది. కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటిస్తే చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన 200 మీటర్లలో అనుమతి తీసుకోవాలి. ఇల్లు కట్టుకోవాలనుకునే రైతుకు అది చిన్న మాట కాదు. కానీ మన చెలకలో మనం కంచె వేసుకోవడానికి ఏ ప్రకటనా అక్కర్లేదు. నాగలికి ఏదైనా తగిలితే మాత్రం దాచుకోకూడదు. పది రూపాయలకు మించిన విలువైనది భూమిలో దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది.

అందుకే నేను కంచె వైపే మొగ్గాను. ముందు ప్రతి గుండుకూ నంబరు వేసి, నాలుగు దిక్కుల నుంచి ఫోటోలు తీశాను. టేపు పెట్టి కొలిచాను, అడ్డంగా ఇరవై ఎనిమిది అడుగులు. మామ రెండు గుంటలు వదిలాడు. జేసీబీ మిగతా చెలక చదును చేసి వెళ్ళిపోయింది. వలయం చుట్టూ రాతి కడీలు దింపాం, గుండ్లకు ఐదడుగుల ఎడంగా, ఆ గుంతలు లోపలి దాన్ని తాకకుండా. ముళ్ళతీగ ఇంకా చుట్టాలి.