షుగర్ పడిపోతే కారులో ముందు ఎవరు చెప్పాలి: స్క్రీనా, స్పీకరా, వాచీనా?

మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో. నెలకు రెండుసార్లు ఊరికి కారులోనే వెళ్తాను, 170 కిలోమీటర్ల పైమాటే. ఇన్సులిన్ వాడతాను కాబట్టి చేతి వెనక, షుగర్‌ను ఎప్పటికప్పుడు కొలిచి ఫోన్‌కు పంపే సెన్సర్ ఉంటుంది. ఒకసారి తడ దాటాక షుగర్ 68కి దిగింది. ఫోన్ వెనక సీట్లో బ్యాగులో ఉంది, కారులో పాటలు మోగుతున్నాయి, అలారం నాకు వినపడలేదు. సూళ్లూరుపేటలో టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది, అప్పుడు తెలిసింది. ఆ తర్వాత మూడు పద్ధతులూ వాడి చూశాను.

అందరికీ ముందు తట్టేది కారు స్క్రీన్. ఈ ఆలోచన పాతదే. 2011లోనే ఫోర్డ్, వైద్య పరికరాలు చేసే మెడ్‌ట్రానిక్‌తో కలిసి, సెన్సర్‌ను బ్లూటూత్‌తో కారుకు కలిపే నమూనా చూపించింది. మన చెన్నై దగ్గరి మరైమలై నగర్‌లో కార్లు చేసిన ఫోర్డే. కానీ ఫోన్ యాప్‌లను కారు స్క్రీన్ మీద చూపే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లేలలోకి ప్రతి యాప్‌నూ రానివ్వరు. మ్యాప్‌లు, పాటలు, మెసేజ్‌ల లాంటి కొన్ని రకాలకే చోటు. అందుకే కొందరు షుగర్ అంకెను క్యాలెండర్‌లోకి ఎక్కించి మరీ చూస్తుంటారు. నేనూ కొన్నాళ్లు తంటాలు పడ్డాను. అంకె కనిపిస్తుంటే కన్ను అటే పోతుంది. 112, 109, 104... లారీ వెనక వెళ్తూ చూడాల్సిన లెక్కా ఇది?

స్పీకర్ కొంత నయం. అయితే ఫోన్‌ను బట్టి అలారం ఒక్కోసారి కారు స్పీకర్లో కాక ఫోన్‌లోనే మోగుతుంది, కాబట్టి ఇంటి దగ్గరే ఒకసారి మోగించి చూసుకోవాలి. పైగా కారులో మా పెద్దమ్మ ఉంటే నా షుగర్ కంటే ఆవిడ టెన్షన్ ఎక్కువ.

నా ఓటు వాచీకే. మణికట్టు మీద వణికితే చూపు రోడ్డు మీదే ఉంటుంది. వాట్సాప్‌కీ అదే వణుకైతే లాభం లేదు. బండి ఎక్కగానే మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేస్తాను. వాచీ ఇక్కడ సెన్సర్ మాట మోసుకొచ్చేదే. సూది లేకుండా తానే షుగర్ కొలుస్తానని చెప్పే వాచీలను, ఉంగరాలను నమ్మొద్దని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

ఏది వాడినా ఒక చిక్కుంది. సెన్సర్ చూసేది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని. అంకె కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, షుగర్ జారుతున్నప్పుడు ఆ తేడా ఇంకా ఎక్కువ. అందుకే అలారం 70 దగ్గర కాకుండా 90 దగ్గర పెట్టుకున్నాను. బ్రిటన్‌లో ఇన్సులిన్ వాడే డ్రైవర్లకు చెప్పే హద్దు కూడా దాదాపు అదే. షుగర్ పడిపోతే, మళ్లీ ఆ హద్దు దాటాక కూడా 45 నిమిషాలు ఆగమంటారు అక్కడ.

వాచీ వణికితే పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, మూడు చెంచాల గ్లూకోజ్ పొడి. డబ్బా డిక్కీలో కాదు, డ్రైవర్ తలుపు అరలో. పావుగంట తర్వాత సెన్సర్‌ను కాదు, వేలికి గుచ్చి చూసుకుంటాను.