గ్లూటెన్ ఫ్రీ సపోర్ట్ గ్రూపని చేరబోతున్న నెల్లూరు, ఒంగోలు వాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

చేతులు ఇంకా వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. మన వైపు సీలియాక్, అంటే గోధుమ పడని జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకని వాట్సాప్‌లో నడుస్తున్న ఆ గ్రూపు గురించే ఇదంతా. పేరు రాయను. రాస్తే నోటీసు పంపిస్తానని నిన్ననే బెదిరించింది ఆ గ్రూపు నడిపే మేడం. పేరు లేకపోయినా మీకు తెలిసిపోద్దిలెండి. పొద్దున్నే గులాబీ పువ్వు, దాని కింద ఒక మంచి మాట, దాని కింద పిండి రేట్లు. ఆవిడే.

మా సంగతి రెండు ముక్కల్లో. పాపకి పదకొండేళ్ళు. రెండేళ్ళు తిప్పని ఆస్పత్రి లేదు. రక్తం తక్కువన్నారు, ఐరన్ టానిక్కు. నులిపురుగులన్నారు, మాత్ర. కడుపు ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా అయిపోయాక మద్రాసు తీసుకెళ్తే, టీటీజీ అని ఒక రక్తపరీక్ష చేసి, ఎండోస్కోపీలో పేగు ముక్క తీసి చూసి, సీలియాక్ అన్నారు. గోధుమ, బార్లీ, రై, ఈ మూడింట్లో ఉండే గ్లూటెన్ పడితే ఒంట్లో కాపలా కాయాల్సిన వ్యవస్థే తిరగబడి పేగుని పాడు చేస్తుందంట. మందు లేదు. జన్మంతా అవి మానుకోవడమే. బలానికని రెండు పూటలా పాలల్లో కలిపి నేను తాగించిన మాల్టు పొడి ఉంది చూడండి, అందులో ఉండేది బార్లీ, గోధుమే. కాబట్టి ఎవర్ని తిట్టినా నన్ను నేను తిట్టుకున్నాకే.

మొలగొలుకుల బియ్యం పండే ఊళ్ళో అన్నం తినేదానికి ఈ కష్టమేంది అంటారు అందరూ. చెప్పినంత తేలిక కాదబ్బా. పెళ్ళికి పోతే పులిహోర వడ్డిస్తారు. డబ్బా ఇంగువలో మైదా కలిపి ఉంటుంది, పిల్లకి వద్దండీ అంటే నా మొహం వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. మలై కాజా పళ్ళెం పిల్ల ముందుకి తోసి "ఒక్కటేలే, ఏం కాదు" అనే బంధువులు నాకు ఇద్దరు కాదు, ఇరవై మంది. ఇట్లాంటివి చెప్పుకుంటే అర్థం చేసుకునే మనిషి ఒక్కరన్నా దొరకరా అని ఎదురు చూస్తున్న టైములో కనపడింది ఈ గ్రూపు. చేరినందుకు రెండు వేలు. సంక్రాంతి ముందు కట్టాను. అడగ్గానే కట్టాను. కూరగాయల బండి దగ్గర పది రూపాయలకి బేరమాడే నేను.

మొదటి నెల మీటింగు ఆవిడ మేడ మీద జరిగింది. పన్నెండు మందిమి. నేను మా పాప రిపోర్టులు ఫైలు కట్టి మరీ తీసుకుపోయాను, తోటి తల్లులతో పోల్చుకుందామని. తీరా చూస్తే బయాప్సీ, అంటే ఆ పేగు ముక్క పరీక్ష, అయ్యింది మా పాపకీ, కావలి నుంచి వచ్చిన ఒకామె కొడుక్కీ మాత్రమే. మిగతా వాళ్ళు లావు తగ్గేదానికి గోధుమ మానేసిన వాళ్ళు, మేడం దగ్గర పిండి కొని కమిషన్‌కి అమ్ముకునే వాళ్ళు. ఒకామె బిడ్డకి కడుపునొప్పంటే, రక్తపరీక్ష ఎందుకు దండగ, ముందు గోధుమ ఆపేసి నా పిండి వాడు, తేడా చూడు అంది మేడం. గోధుమ ఆపేశాక చేస్తే ఆ పరీక్షలో ఏమీ తేలకపోవచ్చని మద్రాసులో మాకు గట్టిగా చెప్పి ఉన్నారు. నాకు తెలుసు. తెలిసి గమ్మున కూర్చున్నా. కొత్తగా చేరాం, నోరు తెరిస్తే ఏమనుకుంటారో అని. ఉన్న ఒక్క గ్రూపు ఇదే కదా అని.

పిండి కొన్నాను. జొన్న, కొర్ర, సజ్జ కలిపిందని చెప్పింది. నూరు శాతం గ్లూటెన్ ఫ్రీ అని పచ్చ స్టిక్కరు. కిలో మూడొందల ఎనభై. చపాతీ చేస్తే ఎంత బాగా వచ్చిందో! గుండ్రంగా, మెత్తగా, మడత పెడితే విరక్కుండా. పాప నెలల తర్వాత చపాతీ తుంచుకుని కూరలో అద్దుకుని తింటుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను, "మేడం మీ చేతికి దణ్ణం" అని రాసి. ఆ మెసేజి ఇంకా ఉంది నా ఫోన్లో. జొన్నపిండి రొట్టె అంచులు పగలకుండా ఏ ఇంట్లో వచ్చిందే నీకు? మీ అమ్మ చేసిన జొన్నరొట్టెలు తిని పెరగలేదా నువ్వు? ఇది నన్ను నేను అడుగుతున్న ప్రశ్న, మీరు కంగారుపడకండి.

మూడు వారాలకి పాపకి మళ్ళీ కడుపునొప్పి, విరేచనాలు. నేనేం చేశానో రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తా. స్కూలు పక్కన బేకరీ ఉంది. అక్కడ పఫ్ తిన్నావు కదా అన్నాను. తినలేదు మా అంది. అబద్ధాలు కూడా నేర్చావా అని చెంప మీద కొట్టాను. పిండిని అనుమానించలేదు. కన్న పిల్లని అనుమానించాను.

ఇక మొన్న ఆదివారం. పిండి అయిపోయింది, తెచ్చిచ్చే కుర్రాడు ఫోను ఎత్తలా. పాపని స్కూటీ వెనక ఎక్కించుకుని నేనే పోయాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో పిండి మర తిరుగుతోంది. అందులో పడుతున్నవి గోధుమలు. పక్కింటావిడ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. మర దగ్గరి అబ్బాయి నన్ను చూసి, "ఇవి కాగానే మీ జొన్నలే అక్కా" అన్నాడు.

"మధ్యలో మర శుభ్రం చేస్తావా?"

నవ్వాడు. "పిండి మర శుభ్రం చేసేదేందక్కా?"

పాపం వాడికేం తెలుసు. కానీ మూలన తొట్టిలో కలుపుతున్న పిండి పక్కన మూతి విప్పిన గోధుమపిండి సంచి, అందులో కొలిచే చిన్న గిద్ద ఒకటి. అదెందుకంటే వాడే చెప్పాడు, ఏ దాపరికం లేకుండా: "అది పడకపోతే చపాతీ సాగదు గదక్కా. కేజీకి ఒక గిద్ద వెయ్యమంది మేడం."

మేడం బయటికొచ్చింది. ఏంది మేడం ఇది అన్నాను, అంతే. గొంతు కూడా పెంచలేదు. అప్పటిదాకా మీరు, మీరు అనే మనిషి ఒక్కసారిగా నువ్వులోకి దిగింది. "మెత్తగా ఉందని ఫొటో పెట్టింది నువ్వే కదమ్మా? మెత్తదనం ఊరికే వస్తుందా?"

స్టిక్కరు మీద నూరు శాతం అని ఉంది కదా అన్నాను. "స్టిక్కర్లు ప్రెస్సు వాడు వేశాడు. ఒక గిద్దకి ఏమవుద్ది? మా కాలంలో ఉన్నాయా ఈ గ్లూటెన్లు? బిడ్డ అంత సుకుమారమైతే ఆస్పత్రిలో పెట్టి సాక్కో, నా బేరం చెడగొట్టబాక."

పాప నా కొంగు పట్టుకుని నిలబడి ఉంది. దాని ఎదురుగానే అంది. పక్కింటావిడ డబ్బా మార్చుకుని పట్టుకుంది గానీ ఒక్క మాట మాట్లాడలేదు.

గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని తిండి సరుకుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. మిల్లీగ్రాములు. ఈవిడ గిద్దతో కొలుస్తోంది. అయినా సపోర్ట్ గ్రూపు కదా, సపోర్ట్ ఇస్తోంది, చపాతీకి.

తిరిగొస్తుంటే అయ్యప్పగుడి దాటాక పాప వెనక నుంచి అంది, "మా, నేను పఫ్ తినలేదు." స్కూటీ పక్కకి ఆపేశాను. ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

రెండు వేలు, పిండి డబ్బులు వెనక్కిమ్మని గ్రూపులో అడిగాను. రెండు నిమిషాల్లో నన్ను తీసేశారు. మర్నాడు పొద్దున గులాబీ పువ్వు మాత్రం విడిగా నా నంబరుకి వచ్చింది, పొరపాటున కాబోలు. దాని కింద "ఓర్పే ఆభరణం" అని ఉంది.

ఎవరికన్నా పనికొస్తుందేమో, నాకు ఆలస్యంగా తెలిసిన సంగతులు ఇవి. పాకెట్టు మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేకపోతే కొనొద్దు, ఉంటే ఆ నంబరు ఆన్‌లైన్‌లో కొట్టి చూడండి. మా పాకెట్టు మీద నెమలి బొమ్మ ఉంది, నంబరు లేదు. నేను చూడలేదు. రాగులు, జొన్నలు ఇంట్లోనే కడిగి ఎండబెట్టి మిక్సీలో పట్టుకోండి, గోధుమలు ఆడే మర జోలికి పోవద్దు. తోటి కుటుంబాలు కావాలంటే మీకు వైద్యం చేసే డాక్టర్నో, డైటీషియన్నో అడగండి, వాళ్ళ దగ్గరికి మనలాంటి వాళ్ళు వస్తూనే ఉంటారు. నాకా ఆలోచనే రాలేదు. డబ్బు సంగతికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, ఫిర్యాదు రాసుకున్నారు. మిగిలిన కిలోన్నర పిండి సీలు వేసి అటక మీద పెట్టాను, అడిగితే చూపించేదానికి.

కావలి నుంచి మీటింగుకి వచ్చిన ఆమె, మీ నంబరు ఆ గ్రూపుతోనే పోయింది నాకు. మీ బాబుకి కూడా బయాప్సీ అయ్యింది కదా, ఆ రోజు మీరు నా పక్కనే కూర్చుని ఐదు కిలోలు తీసుకున్నారు. ఇది మీ కంట పడితే ఈ రాత్రికి ఆ చపాతీ పెట్టబాకండి.