రూటర్‌కి సొంత బేస్ ప్లేట్: అక్రిలిక్ మేలా, పాలీకార్బొనేట్ మేలా?

చెక్కను తొలిచే చేతి రూటర్‌కి అడుగున బిగించే పెద్ద బేస్ ప్లేట్‌ను పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్‌తో చేసుకోవాలనుకునే వాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చాలామంది చెప్పే జవాబు కూడా ఒకటే: "అక్రిలిక్ పగులుతుంది, పాలీకార్బొనేట్ పగలదు, అదే తీసుకోండి." పగలదన్న మాట నిజమే. అయినా నేను ముందు చూసేది ప్లేట్ ఎంత వంగుతుందన్నదే.

వెడల్పాటి చెక్కను చదును చేయడానికి రెండు పట్టాల మీద నడిచే పొడవాటి ప్లేట్‌నే తీసుకోండి. ఆధారం రెండు చివర్లలో, రూటర్ బరువంతా నడుమ. చేయి కాస్త గట్టిగా నొక్కితే బిట్ (చెక్కను కోసే మొన) లోతుకు దిగుతుంది, వదిలితే పైకి లేస్తుంది. అర మిల్లీమీటరు తేడా వచ్చినా చాలు, పాలిష్ పూశాక పక్కనుంచి వెలుతురు పడితే అలలన్నీ కనిపిస్తాయి. వాటిని శాండ్‌పేపర్‌తో తీయడం పెద్ద పని.

ఒకే మందంలో చూస్తే అక్రిలిక్ పాలీకార్బొనేట్ కంటే సుమారు పావు నుంచి మూడో వంతు ఎక్కువ బిగువుగా ఉంటుంది, అంటే తక్కువ వంగుతుంది. దానికంటే పెద్ద తేడా మందంతో వస్తుంది. బిగువు మందం ఘనాన్ని (మందం × మందం × మందం) బట్టి పెరుగుతుంది కాబట్టి 6 మి.మీ. షీట్ బదులు 8 మి.మీ. వాడితే రెట్టింపు దాటుతుంది, 10 మి.మీ. వాడితే దాదాపు నాలుగున్నర రెట్లు అవుతుంది. అలాంటప్పుడు మందపాటి పాలీకార్బొనేటే కొనొచ్చు కదా అంటే, కొనొచ్చు. కాకపోతే ప్లేట్ మందం ఎంత పెరిగితే బిట్ లోతు అంత తగ్గుతుంది. ప్రతి మిల్లీమీటరూ లెక్కే. అందుకే అదే మందంలో తక్కువ వంగే అక్రిలిక్ వైపే నేను మొగ్గుతాను. లోతు మరీ చాలకపోతే 10 మి.మీ. షీట్‌లో రూటర్ కూర్చునే చోటు వరకు 4 మి.మీ. గుంట తీయండి. అక్కడ రూటర్ లోహపు బేసే ప్లేట్‌ను వంగకుండా పట్టుకుంటుంది.

ఇక పగుళ్ల సంగతి. అక్రిలిక్ ఎక్కువగా స్క్రూ రంధ్రాల దగ్గరే పగులుతుంది. తల కింది భాగం ఏటవాలుగా ఉండే స్క్రూ బిగించిన కొద్దీ మేకులా దిగి రంధ్రాన్ని బయటికి తోస్తుంది. అడుగు చదునుగా ఉన్న తల స్క్రూలు వాడి, ఆ తల ప్లేట్ ఉపరితలం కన్నా లోపలికి పోయేలా చదునైన గుంట తీస్తే ఆ తోపుడు ఉండదు. రంధ్రం స్క్రూ కంటే అర మిల్లీమీటరు పెద్దగా ఉండాలి. కింద చెక్కముక్క పెట్టి నిదానంగా డ్రిల్ చేయాలి. స్క్రూలు వదులవకుండా రాసే జిగురు ద్రవాలు, థిన్నర్, అసిటోన్ రెండు ప్లాస్టిక్‌లకూ పడవు. సన్న పగుళ్లు తెప్పిస్తాయి. షీట్ కొనేటప్పుడు కాస్ట్ (అచ్చులో పోసి చేసిన) అక్రిలిక్ అని అడిగి తీసుకోండి. ఎక్స్‌ట్రూడెడ్ (యంత్రంలోంచి నెట్టి షీట్‌గా చేసిన) రకం కోస్తుంటే కరిగి బిట్‌కి అంటుకుంటుంది.

పాలీకార్బొనేట్‌కి గీతలు త్వరగా పడతాయి. బిట్ చుట్టూ మసకబారితే గుర్తు గీసిన గీత కనిపించదు. పారదర్శకమైన ప్లేట్ కొన్నదే ఆ గీత కోసం! రూటర్ తరచూ చేతులు మారుతూ, కింద పడే ప్రమాదం ఉన్న చోట మాత్రం పాలీకార్బొనేటే సరైనది. అక్కడ ప్లేట్ ముక్కలై ఎగరడం కంటే కొంచెం వంగడమే నయం.

ఫినాలిక్ షీట్ (రెసిన్‌తో గట్టిపరిచిన కాగితం లేదా బట్ట పొరల పలక) ఈ రెండింటికన్నా బాగా బిగువైనది, కానీ అవతలి వైపు కనపడదు. రూటర్ టేబుల్‌కి బాగుంటుంది. అల్యూమినియం చెక్క మీద నల్లటి మరకలు వదులుతుంది. ఒక్క పనికి ప్లైవుడ్ సరిపోతుంది. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) చెమ్మకు ఉబ్బుతుంది.

ఏ షీట్ తీసుకున్నా పాత ప్లేట్‌ను రెండు వైపులా అంటుకునే టేపుతో దాని మీద అతికించి, స్క్రూ రంధ్రాలను అందులోంచే గుర్తు పెట్టండి. మధ్య రంధ్రం అప్పుడే తీయొద్దు. ప్లంజ్ రూటర్ (నడుస్తుండగానే బిట్‌ను కిందికి దించగలిగేది) అయితే కొత్త ప్లేట్‌ను బిగించి, కింద పనికిరాని చెక్క పెట్టి గట్టిగా క్లాంప్ చేసి, బిట్‌ను మెల్లగా దించండి. కంటికి అద్దాలు తప్పనిసరి. రంధ్రం సరిగ్గా బిట్ కేంద్రంలోనే పడుతుంది.