వెస్ట్రే–పాపా వెస్ట్రే విమానం: రెండు నిమిషాల లోపే

స్కాట్లాండ్ ఆర్క్నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు దీవుల మధ్య లోగన్ఎయిర్ అనే విమాన సంస్థ 1967 నుంచి నడుపుతున్న సర్వీసు ఇది. దూరం సుమారు 2.7 కి.మీ. టైంటేబుల్లో రెండు నిమిషాలు, రికార్డు 53 సెకన్లు. గాలివాటం, రన్‌వే దిశ కలిసిరాకపోతే చుట్టు తిరగాలి, అక్కడే టైం పెరుగుతుంది.

విమానం ఐలాండర్: రెండు ఇంజన్లు, ఎనిమిది సీట్లు. మధ్యలో నడవ ఉండదు, పక్క తలుపులోంచి నేరుగా సీట్లోకి ఎక్కాలి. బరువు సర్దుబాటును బట్టి కూర్చోబెడతారు. పైలట్ పక్క సీటు దక్కితే అదృష్టమే!

ఆర్క్నీ ముఖ్య పట్టణం కిర్క్‌వాల్ నుంచి కొన్ని విమానాలు ఒక దీవికే వెళ్తాయి, రెండూ కలిపేదేదో చూసి బుక్ చేయండి. పొగమంచు పడితే రద్దవుతుంది, అప్పుడు వెస్ట్రేలోని పియరోవాల్ ఊరి నుంచి పాపా వెస్ట్రేకి చిన్న పడవ ఉంది. అయినా విమానమే ఎక్కండి.